ట్యాగు చూసి బ్యాగు

కెమెరా బ్యాగు కొనడానికి దుకాణానికి ఖాళీ చేతులతో వచ్చే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పులు కొనేవాడు కాళ్లు ఇంట్లో పెట్టి వస్తాడా? వీళ్లు బాడీ తీసుకురారు, లెన్సు తీసుకురారు. గోడకు వేలాడే ఖాళీ బ్యాగును ఒక భుజానికి తగిలించుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "బాగుందన్నా, వెదర్‌ప్రూఫేగా?" అని అడుగుతారు. దుకాణం అతను ట్యాగు తిప్పి చూపిస్తాడు. దాని మీద వాన చుక్క బొమ్మ ఉంటుంది. అంతటితో బేరం అయిపోతుంది. దుకాణం దాకా వచ్చినవాళ్లు ఇంకా నయం. చాలామంది ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకుంటున్నారు. లెన్సుకు లక్షలు పోసినవాడు, దాన్ని మోసే సంచి దగ్గరకు వచ్చేసరికి రంగూ జేబుల లెక్కా చూసి సరిపెట్టుకుంటాడు.

మా రోజుల్లో కెమెరా బ్యాగులు అమ్మే దుకాణం జిల్లా కేంద్రాల్లో ఎక్కడుంది? కెమెరాతో పాటు ఒక తోలు కవరు వచ్చేది, తొలకరి పడగానే దానికి బూజు పట్టేది. స్టూడియోల వాళ్లు అల్యూమినియం పెట్టెలో స్పాంజి కోసి, గుంటలు చేసి సామాను సర్దుకునేవారు. పెళ్లి పందిట్లో ఆ పెట్టె బాగానే ఉండేది. పొలం గట్టు మీద నడిచేటప్పుడు ఒక చెయ్యి దానికే పోయేది, అడుగడుక్కీ మోకాలికి కొట్టుకునేది. అందుకని పత్రికల్లో పనిచేసే మాలాంటి వాళ్లం విజయవాడ ఆటోనగర్ వెళ్లేవాళ్లం. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే మేస్త్రి ముందు కెమెరా, లెన్సులు, ఫ్లాష్, ఫిలిం డబ్బాలు అన్నీ పరిచేవాళ్లం. ఆయన వాటిని చేత్తో ఎత్తి బరువు చూసేవాడు. ఏ భుజానికి వేసుకుంటావు, మోటారు సైకిలు మీద తిరుగుతావా బస్సులో తిరుగుతావా, వానలో నిలబడి తీస్తావా, దేన్ని ముందు బయటకు తీస్తావు అని అడిగేవాడు. సమాధానాలు విన్నాకే సుద్దముక్క పట్టేవాడు. ఇన్ని రకాల బ్యాగులు వచ్చిన ఈ రోజుల్లో ఆ ప్రశ్నలు అడిగే మనిషి ఏ దుకాణంలోనూ నాకు కనపడలేదు.

ఆ మేస్త్రి కుట్టిన సంచి తెలివి ఎక్కడుందో చెబుతాను. గుడ్డ నూలు కాన్వాసు. నీళ్లు పడితే నూలు పోగు ఉబ్బుతుంది, ఉబ్బి పోగుకూ పోగుకూ మధ్య సందును తనే మూసేస్తుంది. దానికి తోడు లారీ గుడ్డకు మైనం పట్టించి ఉండేది. జిప్పు లేదు. పైమూత నాలుగు వేళ్ల వెడల్పున అన్ని వైపులా కిందకు దిగేది, కాబట్టి వాన జారి కిందకు పోయేది, మూత కింద నుంచి గాలి మాత్రం ఆడేది. భుజం పట్టీని సంచి అంచుకు కుట్టి వదిలేయకుండా అడుగు నుంచి చుట్టి తెచ్చేవాడు. బరువంతా పట్టీ మీదే కూర్చునేది, కుట్టు మీద పడేది కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డోమ్కీ 1970ల మధ్యలో తన అవసరం కోసం గీసుకున్న కాన్వాసు సంచికీ పట్టీ అలాగే చుట్టి వస్తుంది. ఆ సంచి తర్వాత ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ వాళ్లు మొదట చేపలు పట్టేవాళ్ల కోసం సంచులు కుట్టేవారు, ఫొటోగ్రాఫర్లే వాటిని వెతుక్కుని కొనుక్కున్నారు. లోవ్‌ప్రో బ్యాగుల వెనక ఉన్న గ్రెగ్ లోవ్ కొండలెక్కే మనిషి. మోసినవాడికి తెలిసినదే సంచిలోకి వచ్చింది. ఇప్పటి కొన్ని బ్యాగుల్ని తిప్పి చూస్తే, దీన్ని గీసినవాడు నిండా సామానుతో ఒక్క మైలైనా నడిచాడా అని అనుమానం వస్తుంది.

బరువు సంగతి తీసుకోండి. కానన్ వాళ్ల 600 ఎఫ్4 లెన్సు 1999 మోడల్ 5.36 కిలోలు. 2011లో ప్రకటించినది 3.92. 2018లో వచ్చినది 3.05. గాజు కరిగించి, లోహం మార్చి, బుర్రలు బద్దలు కొట్టుకుని పందొమ్మిదేళ్లలో ఆ ఇంజనీర్లు రెండు కిలోలకు పైగా తగ్గించారు. అదే కాలంలో దాన్ని పెట్టుకునే బ్యాగు బరువెక్కుతూ వచ్చింది. ల్యాప్‌టాప్ అర, టాబ్లెట్ అర, మెమరీ కార్డుల అర, పెన్నుల అర, ఒక్కో అరకూ ఒక జిప్పు, ఒక్కో జిప్పు చుట్టూ స్పాంజి. ఏమీ పెట్టకుండానే రెండున్నర కిలోలు తూగే బ్యాగులు ఉన్నాయి. లెక్క వేయండి. ఆ పెద్ద లెన్సు మూడు కిలోలు, బాడీ ఒకటిన్నర, 70-200 ఒకటిన్నర, రెండో బాడీ వైడ్ లెన్సుతో కలిపి ఒకటిన్నర, ట్రైపాడ్ దాని తలతో సహా మూడు, మంచినీళ్లు ఒకటి, బ్యాటరీలు చార్జర్లు ఒక అరకిలో. పన్నెండు కిలోలు అయింది. బ్యాగుతో కలిపి పద్నాలుగున్నర. 65 కిలోల మనిషికి అది ఒంటి బరువులో ఐదో వంతు దాటింది. ఆ జేబుల్లో సగం ఏడాది పొడుగునా ఖాళీగానే ఉంటాయి, అయినా వాటి బరువు మోయాల్సిందే.

కొత్తగా వచ్చినవాటిలో ఒకదానికి మాత్రం నేను దణ్ణం పెడతాను. నడుం పట్టీ. మా తరం ఒంటి భుజం సంచితో బతికింది. మాలో చాలామందికి కుడి భుజం కిందకు జారిపోయి ఉంటుంది, దూరం నుంచి నడక చూసే పత్రికా ఫొటోగ్రాఫర్ అని పోల్చుకోవచ్చు. వెన్నుకు ఆనుకునే ఫ్రేము, తుంటి ఎముక మీద కూర్చునే మెత్తని పట్టీ మాకు ఆ రోజుల్లో దొరికి ఉంటే మా మెడలు ఇంకో పదేళ్లు నిలబడేవి. ఇంత మంచి వస్తువు చేతికి వచ్చినా వీళ్లు దాన్ని వాడుకోరు, అదీ నా బాధ! నడుం పట్టీ విప్పి వెనక్కి మడిచి దాచేస్తారు, ఫొటోలో అందంగా కనపడదట. బరువులో ఎక్కువ భాగం తుంటి మీదకు దిగాలి, భుజాలు బ్యాగును నిలబెట్టడానికే పనికిరావాలి. మెడ కింద పొడుచుకొచ్చినట్టు తగిలే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా టేపు పెట్టి కొలిస్తే వెన్ను కొలత వస్తుంది. ట్రెక్కింగ్ బ్యాగులు ఆ కొలతల్లో దొరుకుతాయి. కెమెరా బ్యాగుల్లో చాలావాటికి ఒక్కటే కొలత, పైగా నడుం పట్టీ పేరుతో రెండు వేళ్ల వెడల్పు నాడా ఒకటి వేలాడదీస్తారు. ఎన్ని లీటర్లో రాస్తారు, ఎన్ని లెన్సులు పడతాయో రాస్తారు, ఎవరి వీపుకు సరిపోతుందో రాయరు. ఇవాళ మన ఆడపిల్లలు నల్లమలలో, కోరింగ మడ అడవుల్లో తిరిగి ఎంత గొప్ప బొమ్మలు తీస్తున్నారో చూస్తున్నాను. వాళ్ల వెన్ను కొలతకు సరిపోయే బ్యాగు దుకాణంలో వెతికితే దొరకడం లేదు. ఆరడుగుల మగవాడి కోసం కుట్టినదాన్ని పట్టీలు బిగించుకుని మోస్తున్నారు, అది పిరుదుల మీద కొట్టుకుంటూ ఉంటుంది.

ఇక వాన. ట్యాగు మీద గుడ్డ గొప్పతనం బారెడు రాసి ఉంటుంది. వెయ్యి డెనియర్ నైలాన్, లోపల రెండు పూతలు, ఇలా. నేను ఒప్పుకుంటాను, ఈ గుడ్డలోంచి నీళ్లు రావు. నీళ్లు వచ్చే దారులు వేరే ఉన్నాయి. జిప్పు ఒకటి, సూది గుచ్చిన కన్నాలు రెండు, వీపు వైపు స్పాంజి మూడు. పైన రబ్బరులా మెరిసే పూత ఉన్న జిప్పును చూసి నీరు చొరదని నమ్ముతారు. ఆ రకం జిప్పుల్లో బాగా పేరున్న ఆక్వాగార్డ్‌ను తయారుచేసే వైకేకే కంపెనీ కూడా దాన్ని నీటిని తోసేదనే అంటుంది, పూర్తిగా ఆపేదని అనదు. రెండు అంచులూ కలిసే గీత దగ్గరా, జిప్పు లాగుడు ఆగే మూల దగ్గరా గంట సేపు వాన కొడితే చెమ్మ దిగుతుంది. నిజంగా నీరు చొరని జిప్పులూ ఉన్నాయి, పడవల మీద పనిచేసేవాళ్లు వాడతారు. వాటిని లాగడానికి రెండు చేతులూ కావాలి, అప్పుడప్పుడు గ్రీజు పెట్టాలి. పక్షి ఎగిరిపోయాక తెరుచుకునే జిప్పు ఫొటోగ్రాఫర్‌కు దేనికి?

అడుగు జేబులో మడిచి పెట్టిన రెయిన్ కవరు ఉందిగా అంటారు. నెల్లూరు వైపు సంగతి చెబుతాను. పులికాట్ సరస్సుకు రాజహంసలు, నేలపట్టుకు గూడబాతులు వచ్చే కాలం, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలం ఒకటే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. రెయిన్ కవరు బ్యాగు ముఖానికి తొడుగుతారు, వీపు వైపు తెరిచే ఉంటుంది. పట్టీల వెంట, మెడ వెంట కారిన నీళ్లు నేరుగా వెన్ను స్పాంజిలోకి పోతాయి. గాలి కాస్త జోరుగా వీస్తే కవరే గాలిపటమై లేస్తుంది. లేవకుండా గట్టిగా బిగిస్తే కారిన నీళ్లన్నీ కవరు అడుగున చేరి గుంట కడతాయి. ఆ గుంటలో బ్యాగు అడుగు నానుతుంది, పెద్ద లెన్సు ముందుగాజు ఉండేది సరిగ్గా అక్కడే. కవరు అడుగున నీళ్లు పోయే కంత పెట్టాలన్న ఆలోచన కొందరికే వచ్చింది. మిగతావాళ్లకు వాన కింద అరగంట నిలబడితే వచ్చి ఉండేది.

నీళ్లలో తిరిగే రోజులు మాకూ ఉన్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. పడవల్లో, లారీల మీద, నడుముల్లోతు నీళ్లలో తిరిగి బొమ్మలు తెచ్చాం. బాడీకి ఒక మందపాటి పాలిథిన్ సంచి, లెన్సుకు ఒకటి, ఫిలింకు రెండు, మూతికి సైకిలు ట్యూబు కోసిన రబ్బరు. వాటన్నిటినీ కాన్వాసు సంచిలో పెట్టి, సంచిని తల మీద పెట్టుకునేవాళ్లం. కాన్వాసు తడిసినా పర్వాలేదు, లోపల ఒక్కోదానికీ దాని రక్ష దానికుంది. ఈ పద్ధతి ఇవాళా అంతే పనిచేస్తుంది. పాలిథిన్‌కు బదులు మూతి మడిచి బిగించే తేలికపాటి డ్రైబ్యాగులు ఇప్పుడు దొరుకుతున్నాయి, కుట్టు లేకుండా వేడితో అతికించినవి. మంచి నడుం పట్టీ ఉన్న బ్యాగు కొని, లోపల వీటిని పెట్టుకోండి. వాన ఆపే పనీ మోసే పనీ ఒక్క సంచికే అప్పజెప్పినప్పుడల్లా రెండూ చెడుతున్నాయి. మా నికాన్ ఎఫ్ఎమ్2 బ్యాటరీ తడిసి చచ్చినా షట్టర్ కొట్టేది, లోపలంతా స్ప్రింగులూ చక్రాలే. ఇప్పటి కెమెరాల్లో ఉప్పునీటి చుక్క ఒక్కటి బోర్డు మీద పడితే బాగుచేసేవాడు తల అడ్డంగా ఊపుతాడు. కాబట్టి మాకంటే వీళ్లే ఎక్కువ జాగ్రత్త పడాలి.

వానను మించిన శత్రువు మన కోస్తాలో ఇంకోటి ఉంది. దాని మాట ట్యాగుల మీద ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఆ ట్యాగులు చలి దేశాల్లో రాసినవి. అది గాలిలోని చెమ్మ. నీళ్లు లోపలికి రాకుండా మూసిన బ్యాగు, లోపలి చెమ్మను బయటకూ పోనివ్వదు. కొల్లేటి గట్టు మీద ఉదయమంతా చెమటలు కక్కుతూ తిరిగి, వీపు తడితో నానిన బ్యాగులో తడి రెయిన్ కవరు కూరి, తడి తువాలు కూరి, జిప్పులన్నీ బిగించి, గదికి వచ్చి అలాగే మూలన పడేస్తారు. మూడో రోజు తెరుస్తారు. గాలిలో తేమ అరవై ఐదు శాతం దాటి నిలిచిందంటే, చీకటి తోడైందంటే, లెన్సు గాజు మీద బూజు మొలవడానికి అంతకంటే మంచి పొలం ఉండదు. మొదట సాలెగూడు పోగంత సన్నగా కనపడుతుంది. తుడిస్తే పోయిందనుకుంటారు. అది వదిలిన ఆమ్లం గాజు మీది పూతను అప్పటికే తినేసి ఉంటుంది, ఆ మచ్చ ఇక పోదు. కాకినాడలో, బందరులో, విశాఖలో ఎన్ని మంచి లెన్సులు ఇలా గుడ్డివైపోయాయో చెబితే కడుపు తరుక్కుపోతుంది. అందులో ఒక్కటీ వానలో తడిసింది కాదు.

మా కాన్వాసు సంచిని ఇంటికి రాగానే బోర్లించి బట్టల తీగ మీద వేసేవాళ్లం, మధ్యాహ్నానికి పెళపెళలాడేది. ఇప్పటి స్పాంజి పైకి ఆరినట్టే ఉంటుంది, నొక్కితే రెండో రోజు కూడా తడి చెబుతుంది. అందుకే లోపలి అరలన్నీ ఊడదీయడానికి వచ్చే బ్యాగే కొనండి. ఊడదీసి ఫ్యాను కింద పెట్టండి. కెమెరాలు బ్యాగులో నిద్రపోకూడదు. గాలి చొరని డబ్బాలోనో, డ్రై క్యాబినెట్‌లోనో, తేమ నలభై యాభై శాతం మధ్య ఉండేట్టు సిలికా జెల్ వేసి పెట్టాలి. ఆ జెల్ రంగు మారితే వేయించి మళ్లీ వాడుకోవాలి, బ్యాగుతో వచ్చిన చిన్న పొట్లాన్ని ఐదేళ్లు దాచుకుంటే అది కాపాడదు. ఏసీ గదిలోంచి ఉదయం బయటకు వెళ్లేటప్పుడు కెమెరాను మూసిన బ్యాగులోనే ఉంచి, అరగంట పోనిచ్చి తియ్యాలి. చల్లని గాజు మీద వేడి తేమ గాలి తగిలితే మంచు పట్టినట్టు చెమ్మ కమ్ముతుంది. మూసిన బ్యాగు నిజంగా పనికొచ్చేది ఆ అరగంటే.

పూతల విషయం కూడా దాచరు గానీ చెప్పరు. గుడ్డ లోపల పూసే పాలీయురిథేన్‌ను వేడీ చెమ్మా కలిసి విరగ్గొడతాయి. వాడకుండా బీరువాలో దాచిన బ్యాగు కొన్నేళ్లకు లోపల జిగురు జిగురుగా అయి, పొరలు పొరలుగా రాలి లెన్సులకు అంటుకుంటుంది. వాడినా వాడకపోయినా మన ఊళ్లలో దానికి ఆయుష్షు ఇంతే. పాత స్టాకు తగ్గింపు ధరకు వచ్చిందని ఎగబడేవాళ్లు ముందు లోపల వేలు పెట్టి రాసి చూడండి, వాసన చూడండి.

వాతావరణం అంటే వాన ఒక్కటే అని ఎవరు చెప్పారు? రోహిణి కార్తెలో రెంటచింతల వెళ్లి చూడండి. అక్కడి ఎండలో నల్ల బ్యాగును గట్టు మీద పెట్టి పది నిమిషాలు ఆగి లోపల చెయ్యి పెట్టండి. వేడికి లెన్సులో గ్రీజు పలచబడి అపర్చరు రేకుల మీదకు పాకుతుంది, బ్యాటరీలు ఉడుకుతాయి. దుకాణంలో పది బ్యాగులుంటే ఎనిమిది నలుపే. లోపల గుడ్డ కూడా నలుపే, సాయంత్రం వెలుగు పోయాక నల్ల అరలో నల్ల మూత పడితే తడుముకోవాల్సిందే. మా ఖాకీ సంచి ఎండనూ తట్టుకునేది, దుమ్మునూ దాచేది, పక్షులనూ బెదరగొట్టేది కాదు. ఖాకీయో, బూడిద రంగో బయట, లేత రంగు లోపల. ఇది గొంతెత్తి అడగాల్సిన విషయం.

తెరిచే వైపు గురించి కూడా ఒక మాట. ముందువైపు తెరుచుకునే బ్యాగును తెరవాలంటే వీపు పట్టీలు నేలకు ఆనించి పడుకోబెట్టాలి. బురదలో పట్టీలు, తర్వాత ఆ బురద మన వీపు మీద. వీపు వైపు నుంచి తెరుచుకునేది కొంటే బురద బయటే ఉంటుంది, బస్టాండు రద్దీలో వెనక నుంచి జిప్పు లాగేవాడికీ దారి ఉండదు. నడుం పట్టీ విప్పకుండానే ముందుకు తిప్పుకుని తెరవగలిగితే ఇంకా మంచిది, కొల్లేటి అటపాక గట్టు మీద బ్యాగు దింపడానికి ఆరిన చోటు వెతుక్కోనక్కర్లేదు.

విమానాల్లో క్యాబిన్ సంచి ఏడు కిలోలు దాటకూడదంటారు. బ్యాగే రెండున్నర తింటే మిగిలింది నాలుగున్నర. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సామానులో వెయ్యనివ్వరు. అంటే ఏం చేతిలో ఉండాలో ఏం కిందకు పోవాలో ఇంట్లోనే తూచుకోవాలి.

ఇన్నిటికంటే నాకు కోపం తెప్పించేది మరమ్మతు. కుట్టు ఊడితే మా సంచిని చెప్పులు కుట్టే అతను పావుగంటలో బాగుచేసేవాడు. ఇప్పుడు జిప్పును గుడ్డకు అతికిస్తున్నారు. లాగుడు విరిగినా, పళ్లు తప్పినా, ఆటోనగర్ మేస్త్రి దాన్ని చూసి, "దీన్ని విప్పితే మళ్లీ నీళ్లు ఆగవు సార్" అంటాడు. పాతిక వేల బ్యాగు రెండు వందల జిప్పు కోసం అటకెక్కుతుంది. కంపెనీల వాళ్లు విడి జిప్పులు, విడి బకిల్స్, విడి నడుం పట్టీలు అమ్మాలి. అమ్మేవాళ్లవే కొనండి.

కొన్నాక కూడా వెంటనే అడవికి పోకండి. పాత పేపర్లలో నాలుగైదు ఇటుకలు చుట్టి, మీ సామాను బరువు ఎంతో అంత బరువు అయ్యేట్టు బ్యాగు నింపండి. నాలుగు మూలలా, వీపు వైపు, జిప్పు కింద ఒక్కో కాగితం పరచండి. వీపున వేసుకుని, నడుం పట్టీ బిగించి, మేడ మెట్లు పైకీ కిందకీ ఎక్కి దిగండి. భుజం పట్టీ కింద వేలు దూరాలి. దూరకపోతే బరువు ఇంకా తుంటి మీదకు దిగలేదు. తర్వాత పెరట్లో నిలబడి, రెయిన్ కవరు తొడిగి, పక్కనుంచి పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించుకోండి. లోపల కాగితాలు తీసి చూడండి. వీపు వైపుది తడిస్తే ఆ బ్యాగు తిరిగి పంపెయ్యండి. జిప్పు కింద గీత గీసినట్టు తడిస్తే లోపల డ్రైబ్యాగుతో నెట్టుకురావచ్చు. అడుగుది తడిస్తే కవరు పట్టుకుని టార్పాలిన్ మేస్త్రి దగ్గరకు వెళ్లి, కింద రెండు కంతలు కొట్టి ఇత్తడి రింగులు బిగించమనండి.